రాళ్ల వంటాయన

ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ వంటాయన అనేవారు. ఇంట్లో చూడబోతే పాలు కాచమంటే పొంగించి, అన్నం దించమంటే మాడ్చే రకం. పెళ్లయిన కొత్తలో ఒకసారి ముచ్చటపడి టీ పెట్టి తెస్తే, భార్య ఒక్క గుక్క తాగి, ఈ జన్మకి ఇక పొయ్యి జోలికి రావద్దని దణ్ణం పెట్టింది. అలాంటి మనిషికి ఆ పేరెందుకు వచ్చిందంటే, ఆయన రాళ్లు ఉడికించేవాడు. రాళ్లంటే దారినపోయే రాళ్లు కావు, వజ్రాలు.

పై అంతస్తులో లేజరు యంత్రాలు ఉండేవి. ముడి వజ్రాన్ని ఆ వెలుగుతోనే కోసేవారు. కోసిన చోటల్లా రాయి నల్లబడి, చూడ్డానికి బొగ్గుపలుకులా తయారయ్యేది. అవన్నీ కింద వంటాయన గదికి చేరేవి. ఆయన వాటిని గాజుగిన్నెలో వేసి, యాసిడ్ పోసి కుతకుతా ఉడికించేవాడు. అప్పటికీ వదలని మొండి నలుపుంటే చిన్న కరెంటు కొలిమిలో పెట్టేవాడు. ఆ కొలిమికో లెక్క ఉంది. వేడి చాలకపోతే నలుపు కదలదు. సరిగ్గా ఉంటే నలుపు పోయి తెలుపు మిగులుతుంది. మరీ ఎక్కువైతే ఏమవుతుందో ఆయనకి తెలియదు, ఎప్పుడూ ఎక్కువ పెట్టిన పాపాన పోలేదు గనక.

ఇక ఆ కార్ఖానా సంగతి. కిటికీలకి కడ్డీలు, కడ్డీల వెనక వల, వల వెనక ఎప్పుడూ తియ్యని అద్దం. దోమ లోపలికి రావాలన్నా కాపలావాడి అనుమతి కావాల్సిందే. వేసుకునే బట్టలకి జేబులుండవు. గేటు దగ్గరే చెప్పులు విడవాలి, గోళ్లు చూపించాలి, జుట్టు టోపీలోకి దోపుకోవాలి. చేతులు కడిగే తొట్టి అడుగున జల్లెడ. ఊడ్చిన దుమ్ము కూడా పారేయరు, డబ్బాలో దాస్తారు. సాయంత్రం తూకమాయన ప్రతి రాయినీ తూచి, పొద్దున ఇచ్చిన రాళ్లూ ఇప్పుడున్న రాళ్లూ సరిపోయాయని తల ఊపేదాకా గేటు తియ్యరు. ఒక్క రాయి తగ్గిందంటే అంతే సంగతులు. ఎవరింట్లో ఏం మునిగిపోతున్నా సరే, అందరూ లోపలే.

వంటాయన మీసాలు రానప్పుడు ఆ గేట్లోకి వెళ్లాడు. ఇప్పుడు మీసాలు నెరిశాయి. పొద్దున చీకటితో వెళ్లి సాయంత్రం చీకటితో రావడమే. యాసిడ్ ఆవిరికి ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. కూర మాడినా, పువ్వు పూసినా ఆయనకొకటే. మొదట్లో ఊపిరాడనట్టు ఉండేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. తన మటుకు తనకి ఆయన పెద్దగా బాధపడింది లేదు. ఆయన్ని లోలోపల తినేసింది కూతురి సంగతి.

కూతుర్ని ఇంట్లో అమ్మడూ అని పిలిచేవారు. చదువులో చురుకు. కాలేజీలో మొదటి ఏడాది పూర్తవుతుండగా యజమాని వంటాయన్ని పిలిచి, లేజరు యంత్రం మీద కూర్చోడానికి కుర్రకళ్లు కావాలి, మీ అమ్మాయిని పంపు, కొన్నాళ్లే అన్నాడు. కాదంటే ఏమనుకుంటాడో అని వంటాయన నీళ్లు నమిలాడు. నీళ్లు నమిలితే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ కొన్నాళ్లు ఏళ్లయ్యాయి. పైన అమ్మడు కోస్తే, కింద నాన్న ఉడికించేవాడు. గోడలో పైనుంచి కిందికి ఉన్న చిన్న సందులోంచి ఆ పిల్ల పళ్లెం దింపితే ఈయన అందుకునేవాడు. కబుర్లు చెప్పుకోవడానికి వీల్లేదు. తండ్రీకూతుళ్ల మధ్య రాళ్ల రాయబారం నడుస్తోందని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. ఆ పళ్లెం దిగిన ప్రతిసారీ ఆయన సందులోంచి ఓసారి పైకి చూసేవాడు. నా చేతులతో నేనే తెచ్చి పడేశాను కదా అనుకునేవాడు.

ఆ పిల్ల చదువు ఆగినా బుర్ర ఆగలేదు. ఒకనాడు భోజనాల దగ్గర, రాళ్ల మీద నలుపు ఎక్కడిదని నాన్నని అడిగింది. లాంతరు గాజుకి పొగ పట్టినట్టు పడుతుందన్నాడు వంటాయన. అన్నేళ్లూ ఆయన అలాగే అనుకున్నాడు పాపం. కాదంది అమ్మడు. అది బయటినుంచి వచ్చిన మసి కాదు, వజ్రమే. బొగ్గూ, పెన్సిల్ ములుకూ, వజ్రమూ అన్నీ కర్బనమే.

"సరుకు ఒకటే నాన్నా, కట్టుబడిలోనే తేడా," అంది.

పెన్సిల్ ములుకులో కర్బనం పలచటి రేకులు పేర్చినట్టుంటుందట. కాగితం మీద రుద్దితే పై రేకులు జారి కాగితానికి అంటుకుంటాయి, మనం రాత అనేది దాన్నే. వజ్రంలో అలా కాదు. ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నలుగుర్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ నలుగురూ ఇంకో నలుగుర్ని. ఎవరూ జారరు, ఎవరూ కదలరు. లేజరు వేడి తగిలినచోట ఆ పట్టు సడలిపోయి, వజ్రం కాస్తా పెన్సిల్ ములుకు సరుకైపోతుంది. వంటాయన భార్య తడుముకోకుండా, అయితే ఇన్నేళ్లూ మీ నాన్న వజ్రాలు కడుగుతున్నానని వజ్రాల్నే పారబోశాడన్నమాట అని నవ్వింది. అమ్మడు నవ్వలేదు. పళ్లెంలో అన్నం కెలుకుతూ, "వజ్రమంటే కదల్లేని బొగ్గే నాన్నా," అంది. వంటాయనకి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఇలా ఉండగా వేరే ఊళ్లో కళ్లద్దాలు అరగదీసే ఫ్యాక్టరీలో పని ఉందని తెలిసి, అమ్మడు సెలవురోజున వెళ్లి కలిసి వచ్చింది. తిరిగొచ్చినప్పుడు దాని మొహం చూడాలి. అక్కడ కిటికీలు తీసే ఉంటాయట. మధ్యాహ్నం అందరూ బయటికెళ్లి చెట్టుకింద కూర్చుని తింటారట. సాయంత్రం పనయ్యాక ఎవరి దారిన వాళ్లు పోతారట, జుట్టు విప్పి చూసేవాళ్లే ఉండరట. వాళ్లు తీసుకోవడానికి సిద్ధమే. ఒక్కటే అడిగారు. వజ్రాల కార్ఖానాలో చేసిన పిల్ల గనక, అక్కడి యజమాని ఫోనులో ఒక మంచిమాట చెప్పాలి. చేతివాటం లేదని ఆయన అంటే చాలు, సోమవారం నుంచి రావచ్చు.

యజమాని దగ్గరికి వెళ్లడానికి వంటాయనకి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా అడిగితే ఆ మహానుభావుడు చిరునవ్వు నవ్వి, దానికేం భాగ్యం, ఈ వారం పని పూర్తి చెయ్యనీ, ఫోను చేస్తానన్నాడు. వంటాయన ఇంటికొచ్చి గెంతులొక్కటే తక్కువ. నేనెలాగూ అక్కడే పోతాను, పిల్ల బయటపడుతోంది, నాకంతే చాలు అని భార్యతో పదిసార్లు అన్నాడు. పదోసారి ఆవిడ, చాల్లెండి దిష్టి తగుల్తుంది అని కసిరింది.

శుక్రవారం పొద్దున వంటాయన కొలిమి లోపల తుడిచాడు. వారానికోసారి తుడవడం అలవాటు. తర్వాత అమ్మడు దింపిన పళ్లెంలోంచి యాసిడ్‌కీ లొంగని మొండి నలుపు పట్టిన రాయి ఒకటి, పెసరగింజలో సగం ఉంటుంది, గిన్నెలో వేసి కొలిమిలో పెట్టి, తలుపు మూసి, మీట నొక్కాడు. కాసేపయ్యాక చూస్తే, కొలిమి వేడి చూపించే అంకె ఎప్పుడూ ఉండే చోటుకి కాస్త కిందే ఉంది. ఇవాళ మెల్లగా వేడెక్కుతోంది కాబోలనుకుని ఉడకబెట్టే పనిలో పడ్డాడు. భోజనాలయ్యాక వచ్చి తలుపు తీస్తే, లోపలంతా నారింజరంగులో వెలిగిపోతోంది, వేడి మొహాన కొట్టింది. పట్టకారుతో గిన్నె బయటికి తీశాడు. గిన్నె ఖాళీ.

కొలిమిలో చూశాడు, బల్ల కింద చూశాడు, చొక్కా మడతలు దులిపాడు, నేలంతా పాకాడు. రాయి లేదు. ఎంతసేపు దాచగలడు? సాయంత్రం తూకమాయన రెండోసారి లెక్క చూసి తల అడ్డంగా ఊపాడు. కాపలావాడు గేటుకి రెండో తాళం వేశాడు.

యజమాని దిగొచ్చాడు. ఎవరి మీదా అరవలేదు, అదే భయం. ఆ రాయి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికొచ్చిందని మాత్రం అడిగాడు. కూతురి చేతిలోంచి తండ్రి చేతికని తూకమాయన చెప్పాడు. యజమాని 'ఓహో' అన్నాడు. ఆ 'ఓహో'తో తోటివాళ్లు చెవులు కొరుక్కోవడం మొదలెట్టారు. పొద్దుటిదాకా పక్కన కూర్చుని తిన్నవాళ్లు రెండడుగులు ఎడంగా జరిగారు.

వెతుకులాటంటే అలా ఇలా కాదు. తొట్టి జల్లెళ్లు విప్పారు, యాసిడ్ వడకట్టారు, దుమ్ముడబ్బా బోర్లించి పుల్లతో గీకారు. అందర్నీ వరసగా గదిలోకి పిలిచి నోట్లో టార్చి వేసి చూశారు. తలుపు ఓరగా ఉండడంతో వంటాయనకి లోపల అమ్మడు కనిపించింది. వెతికే ఆవిడ దాని జడ విప్పి పాయపాయా దువ్వుతోంది. పిల్ల గోడకేసి చూస్తూ నిలబడింది. వంటాయనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తప్పు తనదో ఎవరిదో కూడా తెలియదు, అదొక నరకం. బయట వరండాలో ఎవరో, ఇంట్లో చంటిపిల్లని పక్కింటివాళ్లకి వదిలి వచ్చానని గొణుగుతోంటే, ఆ గొణుగుడంతా తన వీపునే తగులుతున్నట్టుంది.

ఎక్కడా దొరక్క, చివరికి అందర్నీ వదిలారు. వంటాయన్నీ అమ్మడినీ ఆపి, పొద్దున రండి మాట్లాడదామన్నాడు యజమాని. మరి ఆ ఫోను సంగతి అని వంటాయన నసిగాడు.

"రాయి దొరికాక చూద్దాం," అన్నాడు యజమాని.

ఇంటికొచ్చాక ముగ్గురూ అన్నం ముందు కూర్చున్నారే గానీ ఎవరూ ముట్టలేదు. అమ్మడు నాన్న చేత మొదట్నుంచీ చెప్పించుకుంది. తలుపు తీసినప్పుడు లోపల ఏ రంగని అడిగింది. నారింజరంగు అన్నాడు. రోజూ ఏ రంగు? రోజూ రంగేముంటుంది, ఏమీ ఉండదు. మరి అంకె? అంకె రోజూకంటే కాస్త తక్కువే ఉంది. అమ్మడు కాసేపు కళ్లు మూసుకుని, కొలిమి తుడిచినప్పుడు వెనక ఉండే వేడి కొలిచే కడ్డీకి చెయ్యి తగిలిందా అని అడిగింది. తగిలింది. గుడ్డకి చిక్కుకుంటే విదిలించాడు కూడా. కడ్డీ సగం బయటికి జారిపోయి ఉంటుంది, అసలు వేడికంటే తక్కువ చూపిస్తూ ఇంకా వేడెక్కమని కొలిమికి చెబుతూనే ఉండి ఉంటుంది అంది అమ్మడు.

"రాయి ఎక్కడికీ పోలేదు నాన్నా. కాలిపోయింది. బొగ్గే కదా, కాలదా?"

కాలితే బూడిదుండాలి కదా అన్నాడాయన. మలినం లేని కర్బనానికి బూడిద ఉండదు, అంతా గాలిలో కలిసిపోతుందంది. వంటాయన తల పట్టుకున్నాడు. వజ్రం కాలి గాలైపోయిందని వెళ్లి చెబితే, చెవిలో పువ్వు పెడుతున్నావా అని యజమాని గెంటేస్తాడు. చెప్పకపోతే దొంగ. మింగలేడు, కక్కలేడు.

అప్పటిదాకా వింటూ కూర్చున్న భార్య, చెవి కమ్మ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. వాళ్లమ్మ పెట్టిన కమ్మలు. ఒక్కోదానిలో ఆవగింజంత వజ్రం. ఆ ఇంట్లో ఉన్న వజ్రాలు అవే.

"చెప్తే నమ్మడు. కళ్లెదురుగా కాల్చి చూపించండి," అంది. ఆయన వద్దన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. పిల్ల బయటపడ్డాక చెవికి చీపురుపుల్ల పెట్టుకున్నా నాకు బాగానే ఉంటుందంది. ఆయన కమ్మ తీసుకుని చేతిరుమాల్లో మూటగట్టుకున్నాడు.

మర్నాడు యజమాని మొదట విన్నంతసేపూ విని, నవ్వాడు. తర్వాత కమ్మ చూసి నవ్వు ఆపాడు. రాయి ఊడదీయించి, భూతద్దంతో తిప్పితిప్పి చూసి, నిజమైన వజ్రమేనని తేల్చుకుని, తన పట్టకారుతో తనే గిన్నెలో వేశాడు. వెనక జారిపోయి ఉన్న కడ్డీని వంటాయన చూపిస్తే దాన్నలాగే ఉంచమన్నాడు. కొలిమి ముందు కుర్చీ వేయించుకుని కదలకుండా కూర్చున్నాడు. టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. వంటాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మడు పైన యంత్రం మీద ఉంది. అంకె పాకుతూ ఎప్పటి చోటుకి కాస్త కింద ఆగింది. కొలిమి సందుల్లోంచి మాత్రం ఎరుపూ, తర్వాత నారింజా కనబడ్డాయి. ఒకసారి తలుపు తీసి చూస్తే గిన్నెలో చిన్న చుక్క, చుట్టూ ఉన్న వెలుగుకంటే తెల్లగా మెరుస్తోంది. ఇంకోసారి తీస్తే చుక్క ఇంకా చిన్నదైంది. భోజనాల వేళకి గిన్నెలో ఏమీ లేదు. యజమాని దాన్ని చల్లార్చి, తెల్లకాగితం మీద బోర్లించి కొట్టాడు. నలకైనా రాలలేదు.

యజమాని ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు. అప్పుడు, "నువ్వు దొంగవి కాదు," అన్నాడు. ఆ మాట విని వంటాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్నేళ్ల చాకిరీలో ఆయనకి దక్కిన మంచిమాట అదొక్కటే మరి. పొంగిపోయాడు. పాలు పొంగించడం ఆయనకి ఎలాగూ అలవాటే.

ఇదంతా నీకెవరు చెప్పారని యజమాని అడిగాడు. ఎవరో చెప్పారు అంటే సరిపోయేది. పోనీ, ఎక్కడో విన్నాను అన్నా సరిపోయేది. కానీ ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, ఆ పెద్దమనిషి ముందు గొప్పలు చెప్పుకోవాలనిపించింది వంటాయనకి. తప్పా అది? కన్నతండ్రికి ఆ మాత్రం ఆశ ఉండదా?

"మా అమ్మాయే సార్," అన్నాడు. అని ఊరుకున్నాడా, లేదు. నలుపుకీ తెలుపుకీ తేడా ఏమిటో, రేకులేమిటో, నలుగురి పట్టేమిటో, ఎంత వేడికి నలుపు పోతుందో, ఎంత వేడికి రాయే పోతుందో దానికి కరతలామలకం అన్నాడు. కడ్డీ జారిన సంగతి కూడా ఇంట్లో కూర్చుని, కొలిమి చూడకుండానే చెప్పిందన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోతోంది. యజమాని శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకట్రెండుసార్లు తల కూడా ఊపాడు. తర్వాత కాపలావాణ్ణి పంపి అమ్మడిని కిందికి పిలిపించాడు.

ఆయన మాట్లాడిన తీరులో కోపం వెతికినా దొరకదు. వంటాయన పెద్దవాడయ్యాడు, చూపు ఆనడం లేదు, చెయ్యి నిలకడగా లేదు, ఇక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోవచ్చునన్నాడు. పోయిన రాయి సంగతి ఎత్తనన్నాడు. ఇక ఈ గదికి మనిషి కావాలి. ఊరికే మీట నొక్కే మనిషి కాదు, లోపల ఏం జరుగుతోందో తెలిసిన మనిషి. అలాంటి మనిషి ఇంట్లోనే ఉండగా బయట వెతకడమెందుకు?

సార్, కళ్లద్దాల ఫ్యాక్టరీ, సోమవారం, ఫోను, అని వంటాయన నాలుగు మాటలు విడివిడిగా అన్నాడు. యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"చేస్తాను, ఎందుకు చెయ్యను? ఇంకొకర్ని తయారుచెయ్యనీ, అప్పుడు చేస్తాను. ఇప్పుడే చెయ్యమంటావా, ఇప్పుడే చేస్తాను. తండ్రీకూతుళ్ల చేతుల్లో ఉండగా ఒక రాయి కనపడకుండా పోయిందని కూడా చెప్పాల్సొస్తుంది మరి. అబద్ధం చెప్పలేను కదా."

వంటాయన కూతురి వంక చూశాడు. దాన్నొక్క మాట అనమని, కాదనమని, గేటు బద్దలుకొట్టుకుని పొమ్మని ఆయన లోలోపలే అరుస్తున్నాడు. అమ్మడు యజమానినీ చూసింది, నాన్ననీ చూసింది. ఇద్దర్లో ఎవరిమీదా కోపం లేనట్టే ఉంది దాని మొహం.

"సోమవారం నుంచా సార్, ఇవాళ్టి నుంచా?" అని అడిగింది.

"ఇవాళ్టి నుంచే."

అమ్మడు వంటాయన చేతి తొడుగులు తీసుకుని తొడుక్కుంది. అవి దానికి పెద్దవయ్యాయి, మణికట్టు దగ్గర రెండు మడతలు వేసింది. కొలిమి వెనక్కి వెళ్లి కడ్డీని లోపలికి నెట్టి, కదలకుండా బిగించింది. ఇంటికెళ్లి అన్నం తిను నాన్నా, ఇక్కడ నిలబడకు అంది. కాపలావాడు వంటాయన నోట్లో టార్చి వేసి, గోళ్లు చూసి, గేటు తీశాడు.

బయట ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం పూట ఆ వీధి ఎలా ఉంటుందో ఆయనెప్పుడూ చూడలేదు. పళ్లబండి ఆయన, చెప్పులు కుట్టే ఆయన, బడి వదిలిన పిల్లలు, అంతా ఎవరి పని వాళ్లు చూసుకుంటున్నారు. ఆయనకి ఏ పక్కకి నడవాలో కాసేపు తోచలేదు.

ఇంటి తలుపు తీస్తూనే భార్య, నమ్మాడా అని అడిగింది. ఒక చెవికి కమ్మ ఉంది, రెండో చెవి బోసిగా ఉంది. నమ్మాడన్నాడు వంటాయన. ఆవిడ ఊపిరి పీల్చుకుని ఆయన వెనక వీధిలోకి తొంగిచూసింది.

"మరి అమ్మడేది?"

వంటాయన గడప మీదే కూలబడ్డాడు. జరిగిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు, తను చెప్పుకున్న గొప్పలతో సహా. ఆవిడ గోడకి ఆనుకుని మొత్తం వింది.

"ఎవరో చెప్పారని ఊరుకోలేకపోయారా?" అంది చివరికి.

"ఊరుకోవాల్సింది," అన్నాడు వంటాయన.